లక్ష్మికి ఎన్ని గళ్ళు?

ఈసారి సమీక్షకి నేను తీసుకున్నది పుస్తకం కాదు, ఒక నల్లటి కిటికీ. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళకి రోజూ కనపడేదే: టెర్మినల్. బొమ్మలుండవు, బటన్లుండవు. మనం ఒక ఆజ్ఞ టైప్ చేస్తే కింద అక్షరాల్లో జవాబొస్తుంది, అంతే. సినిమాల్లో హ్యాకర్ పాత్ర ముందు ఆకుపచ్చగా పరుగులు పెట్టే తెర ఉంటుంది చూడండి, దానికి నిజజీవితంలో ఉన్న చుట్టం ఇది.

సాహిత్య పత్రికలో దీని ఊసెందుకంటే, అక్షరం తప్ప మరేమీ లేని చోటు ఇది. వెబ్ పేజీ మీద తెలుగు చదువుతున్నప్పుడు ఆ అక్షరం వెనక ఫాంటు, బ్రౌజరు, వత్తుల్ని గుణింతాల్ని పొందిగ్గా కూర్చే ఇంజను, ఇలా పెద్ద బలగమే పనిచేస్తుంటుంది. టెర్మినల్లో ఆ బలగం చాలా పల్చన. అందుకే, అక్షరం గురించి మన యంత్రాలు అసలేమనుకుంటున్నాయో తెలుసుకోవాలంటే ఇక్కడే చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ కిటికీకి లెక్కపెట్టడం వచ్చు, చదవడం రాదు. పైగా ఆ లెక్క కూడా మనది కాదు.

*

మన గొడవ కాసేపు పక్కన పెట్టి, ముందు ఫ్రెంచి వాళ్ళ గొడవ చూద్దాం.

కఫే అనే మాటని ఫ్రెంచిలో నాలుగక్షరాల్లో రాస్తారు. చివరి ‘ఇ’ నెత్తిన కుడివైపుకి లేచే చిన్న వాలుగీత ఉంటుంది. టెర్మినల్లో ఈ మాట ఒక్కోసారి ఐదక్షరాలై కూర్చుంటుంది. మొదటి మూడూ బాగానే ఉంటాయి. చివరి అక్షరం బదులు, నెత్తిన అలగీత ఉన్న పెద్ద ‘ఎ’ ఒకటి, దాని పక్కన కాపీరైట్ గుర్తు ఒకటి ప్రత్యక్షమవుతాయి. కాఫీ హోటలు మీద ఎవరో హక్కులు కొనేసుకున్నట్టు.

జరిగిందేమిటంటే, ఫైల్లో ఉండేవి అక్షరాలు కావు, అంకెలు. గీత పెట్టిన ఆ ‘ఇ’ని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో రెండు అంకెలుగా దాస్తారు: 195, 169. ఆ అంకెల్ని అందుకున్న టెర్మినల్ మాత్రం లాటిన్-1 అనే పాత పట్టిక దగ్గర పెట్టుకుని ఉంది. ఆ పట్టికలో 195కి అర్థం అలగీత ‘ఎ’. 169కి అర్థం కాపీరైట్ గుర్తు. దానికి తెలిసినంతలో అది నిజాయితీగానే చదివింది. రాసిన ప్రోగ్రామూ నిజాయితీగానే రాసింది. ఇద్దరి చేతుల్లోనూ వేర్వేరు నిఘంటువులున్నాయి, ఆ సంగతి ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

చెప్పుకునే ఏర్పాటు కూడా సరిగా లేదు. యూనిక్స్ వంశపు సిస్టమ్‌లలో మామూలు టెక్స్ట్ ఫైలు మీద ‘నన్ను ఫలానా పట్టికతో చదవండి’ అని ఎక్కడా రాసుండదు. ఫైలు పేరు కూడా ఒట్టి అంకెల వరసే. ‘లొకేల్’ అనే అమరిక ఒకటుంది, దాన్నిబట్టి ప్రోగ్రాములు భాషనీ పట్టికనీ ఊహించుకుంటాయి. మీ లాప్‌టాప్‌లో ఒక ఊహ, మీరు దూరం నుంచి లాగిన్ అయిన సర్వర్లో మరో ఊహ ఉంటే ఇక చెప్పేదేముంది. విండోస్ మీద చాలాకాలంగా వాడుతున్న పుట్టీ అనే టెర్మినల్లో ఈ పట్టికని ఎంచుకునే చోటొకటి ఉంది. సెట్టింగుల్లో ఆ పేజీ పేరేమిటో తెలుసా? ‘ట్రాన్స్‌లేషన్’. ఈ కిటికీ చరిత్రలో సాహిత్య స్పృహతో పెట్టిన పేరేదైనా ఉంటే అదేననుకుంటాను. నిజానికి ఇది అనువాద సమస్యే. మూలభాష ఏదో చెప్పకుండా అనువాదకుడి చేతిలో రాతప్రతి పెడితే ఏమవుతుందో అదే అయింది.

ఈ గందరగోళానికి ప్రపంచ భాషల్లో పెట్టుకున్న పేర్లు చూస్తే సరదాగా ఉంటుంది. జపాన్ వాళ్ళు ‘మోజిబాకె’ అన్నారు. మోజి అంటే అక్షరం, బాకె అంటే రూపం మార్చుకోవడం, దయ్యాలు మారినట్టు. జర్మన్లు ‘అక్షరాల సలాడ్’ అన్నారు. హంగేరీ వాళ్ళకది ‘అక్షరాల చెత్త’. మనం ఏమన్నాం? ‘డబ్బాలొస్తున్నాయండీ’ అన్నాం. ఫాంటు లేనప్పుడు వరసగా కనపడే ఖాళీ చతురస్రాలే మనకి బాగా అలవాటైన జబ్బు కాబట్టి, ఏ జబ్బుకైనా అదే పేరు పెట్టుకున్నాం. జపాన్ వాళ్ళ దయ్యం కనీసం ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. మన డబ్బాలో దయ్యం కూడా లేదు.

*

ఈ కథకి మొదలు ఆస్కీ. 1963లో అమెరికాలో చేసిన ప్రమాణం. మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు, టెలిప్రింటర్‌ని నడిపించే ఆజ్ఞలు, వీటికే సరిపోయాయి. గీతలకి, చుక్కలకి చోటు లేదు. తెర కొలతలకి ఇంకో వంశవృక్షం ఉంది. 1978లో వచ్చిన వీటీ-100 అనే టెర్మినల్లో వరసకి 80 గళ్ళు, 24 వరసలు. ఆ 80 ఎక్కడిదంటే, 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు వరసలుండేవి. ఇవాళ్టికీ కొత్త టెర్మినల్ కిటికీ తెరిస్తే చాలాసార్లు 80 గళ్ళతోనే తెరుచుకుంటుంది. పద్యపాదానికి ఇన్ని అక్షరాలని వందేళ్ళ క్రితం ఒక అట్టముక్క నిర్ణయించింది, మనమింకా ఆ ఛందస్సు తప్పలేదు.

యూరప్ దేశాలు ఆస్కీని తమకి తగ్గట్టు మార్చుకున్నాయి. స్వీడన్ పద్ధతి నాకు భలే నచ్చుతుంది, విషాదంగా కూడా అనిపిస్తుంది. స్వీడిష్‌లో చుక్కలు, సున్నాలు పెట్టిన అచ్చులు మూడున్నాయి. వాటికి చోటు కావాలి. వాళ్ళు పెద్దగా వాడని గుర్తుల్ని ఖాళీ చేయించారు: చదరపు బ్రాకెట్లు, మీసాల బ్రాకెట్లు, నిలువుగీత, వెనక్కి వాలిన గీత. సరే, బాగానే ఉంది. తర్వాత సి భాష వచ్చింది. సి ప్రోగ్రాము అంతా మీసాల బ్రాకెట్ల మీదే నడుస్తుంది. దాంతో స్వీడిష్ టెర్మినల్లో ప్రోగ్రాము తెరిస్తే ప్రతి బ్రాకెట్ బదులూ చుక్కల అచ్చు కనిపించేది. ప్రోగ్రాము సరిగా కనపడాలని అమెరికన్ పట్టిక పెట్టుకుంటే, ఉత్తరాల్లో అచ్చులన్నీ బ్రాకెట్లయ్యేవి. తన భాష, తన పని, రెండింట్లో ఏదో ఒకటే ఒకసారి సరిగా కనిపిస్తుంది. 1989 సి ప్రమాణంలో దీనికో మందు కనిపెట్టారు. మీసాల బ్రాకెట్ లేనివాళ్ళు ??< అని మూడు గుర్తులు కొట్టుకోవచ్చు. స్వీడన్ వాళ్ళ అచ్చులకి చోటిచ్చినందుకు సి భాష కట్టిన జరిమానా అది. చూడ్డానికీ జరిమానాలాగే ఉంది.

రష్యన్లు ఇంకోలా ఆలోచించారు. కోయ్-8 అనే వాళ్ళ పట్టికలో రష్యన్ అక్షరాల్ని రష్యన్ వర్ణక్రమంలో పెట్టలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఏది ఏ ధ్వనికి దగ్గరో చూసి, దానికి సరిగ్గా 128 స్థానాల అవతల పెట్టారు. ఎందుకంటే అప్పటి సమాచార దారుల్లో ఎనిమిదో బిట్టు ఊడిపోవడం మామూలు. అది ఊడిపోతే రష్యన్ ఉత్తరం, చిన్నా పెద్దా అక్షరాలు తారుమారైనా, ఇంగ్లీషు లిపిలో రాసిన రష్యన్‌గా మిగిలేది. చదువుకోవచ్చు. ప్రయాణంలో దెబ్బ తగులుతుందని ముందే తెలిసి, దెబ్బ తిన్నాక కూడా అర్థం మిగిలేలా కట్టిన మూట అది. నన్నడిగితే, అక్షర సంకేతాల చరిత్రలో ఇంత మనిషితనం ఉన్న ఆలోచన మరొకటి కనపడదు. వర్ణక్రమం అనే అందాన్ని వదులుకుని, చదివేవాడిని కాపాడింది.

మన దగ్గర ‘ఇస్కీ’ చేశారు, 1991లో అది భారతీయ ప్రమాణం అయింది. దాని అందం వేరే. దేవనాగరి, తెలుగు, కన్నడ, అన్నింటికీ ఒకే వరస. యూనికోడ్ ఆ వరసనే తీసుకుంది. దేవనాగరి ‘క’ 2325, తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. ‘ఖ’కి వెళ్ళాలంటే ఎక్కడైనా ఒకటి కలిపితే చాలు. లిపులు వేరైనా వర్ణమాల ఒకటే అన్న పాత ఎరుకని అంకెల్లో రాసిపెట్టినట్టుంటుంది. అంతేకాదు, సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డు పెట్టుకుంటే డాస్ కాలంలోనే టెక్స్ట్ ప్రోగ్రాములు భారతీయ లిపుల్లో నడిచేవి. నల్ల తెర మీద మన లిపి అసాధ్యం అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తు చేయండి.

*

1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక డైనర్లో భోంచేస్తూ, పళ్ళెం కింద పరిచే కాగితం మీద యూటీఎఫ్-8ని రూపొందించారు. పైక్ స్వయంగా చెప్పిన విషయమే ఇది. పొదుపైన, తెలివైన రూపకల్పన. ప్రపంచ లిపులన్నింటికీ చోటుంది, పాత ఆస్కీ ఫైలు ఒక్క అంకె కూడా మారకుండా అలాగే చెల్లుతుంది. ఆ రెండో గుణం వల్లే అది గెలిచింది. నా పేచీ కూడా అక్కడే మొదలవుతుంది.

ఆస్కీ మారదు కాబట్టి, పట్టికలు ఎంత తారుమారైనా ఇంగ్లీషు వాక్యం చెక్కుచెదరదు. రోజంతా ఇంగ్లీషులోనే పనిచేసేవాడికి ఇలాంటి జబ్బు ఒకటుందనే తెలియదు. ఫ్రెంచి వాక్యం కుంటుతుంది. గీతలున్న అక్షరాలు మాత్రమే పాడవుతాయి, మిగతావాటిని పట్టుకుని ఊహించి చదువుకోవచ్చు. తెలుగు వాక్యం? మొత్తం పోతుంది. మిగిలేవి పదాల మధ్య ఖాళీలు, కామాలు, ఫుల్‌స్టాపులు. గింజలన్నీ రాలిపోయి మిగిలిన కంకిలాగా.

పాడైన తెలుగుకి ఒక లయ కూడా ఉంది. తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడంకెలు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. లాటిన్-1 పట్టికలో 224 అంటే వాలుగీత ఉన్న చిన్న ‘ఎ’, 176 అంటే ఉష్ణోగ్రత పక్కన వేసే డిగ్రీ సున్నా, 177 అంటే ప్లస్-మైనస్ గుర్తు. కాబట్టి ఏ తెలుగు కవితైనా, ఎవరు రాసినదైనా, పాడైతే ఒకేలా ఉంటుంది: ‘ఎ’ డిగ్రీ, ‘ఎ’ డిగ్రీ, ‘ఎ’ ప్లస్-మైనస్, మధ్యమధ్య ఏదో ఒక గుర్తు. 176కీ 177కీ మధ్య సరిహద్దు ఎక్కడ పడిందో చూడండి, సరిగ్గా గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య. హ్రస్వం ఒక వీధిలో, దీర్ఘం పక్క వీధిలో. గిట్ వాడేవాళ్ళకి ఇది మరో వేషంలో తెలుసు. తెలుగులో పేరు పెట్టిన ఫైలుని అది తనంతట తాను తెలుగులో చూపించదు. ‘త’ ఉన్న చోట 340, 260, 244 అని, మధ్యలో వెనక్కి వాలిన గీతలతో, అష్టాంశ పద్ధతిలో అంకెలు చూపిస్తుంది. అమరిక ఒకటి మారిస్తే సరిపోతుంది, నిజమే. కానీ మారుస్తే తప్ప చూపించకపోవడం కూడా ఒక అభిప్రాయమే కదా.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. తప్పుగా కనిపించడం వేరు, తప్పిపోవడం వేరు. ‘ఎ’ డిగ్రీ అని కనపడుతున్నంతసేపూ కింద అంకెలు క్షేమంగా ఉన్నాయి, సరైన పట్టిక పెడితే తెలుగు తిరిగొస్తుంది. కానీ మధ్యలో ఏదో ప్రోగ్రాము ‘ఇది నా పట్టికలో లేదు’ అనుకుని ప్రతి అక్షరం బదులూ ప్రశ్నార్థకం వేసి ఫైలుని భద్రపరిస్తే, ఇక ఏ పట్టికా కాపాడలేదు. డేటాబేసుల్లో వరసగా ప్రశ్నార్థకాలై మిగిలిన పేర్లు మీరూ చూసే ఉంటారు. అవి ప్రశ్నలు కావు, సమాధులు. ఆ తేడా తెలియనివాళ్ళు మొదటి జబ్బుని చూసి కంగారుపడి, ఏదో మార్పిడి చేసేసి, దాన్ని రెండో జబ్బుగా మారుస్తుంటారు. అను ఫాంట్లలో కూర్చిన పాత తెలుగు పుస్తకాల ఫైళ్ళని యూనికోడ్‌లోకి తెచ్చే ప్రతివాళ్ళూ ఇది గుర్తుంచుకోవాలి. అసలు ఫైలు, ఎంత అర్థం కాకుండా ఉన్నా, పారేయకూడదు. అర్థం కాని ఫైలుకి ఇంకా పాఠకుడు దొరకలేదు, అంతే.

*

పట్టికల గొడవ ఇవాళ చాలావరకు తీరింది. ఎక్కడ చూసినా యూటీఎఫ్-8. కానీ పట్టిక కుదిరాక అసలు సమస్య బయటపడింది. అదే గళ్ళ సమస్య.

ఫ్రెంచి గీత ‘ఇ’ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. మొత్తం కలిపి ఒకే అక్షరంగా ఒక పద్ధతి. మామూలు ‘ఇ’ రాసి, దాని వెనకే ‘ముందు అక్షరం నెత్తికెక్కు’ అనే గీతని విడిగా రాయడం ఇంకో పద్ధతి. చూడ్డానికి రెండూ ఒకటే, అంకెల్లో వేరు. ఆపిల్ పాత ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లని విడదీసి దాచేది. లినక్స్‌లో ఎలా ఇస్తే అలా ఉంటుంది. అందువల్ల ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో రెండు ఫైళ్ళు కనపడే వింత జరుగుతుంటుంది. టైప్‌రైటర్ రోజుల్లో దీనికి ‘డెడ్ కీ’ ఉండేది. దాన్ని కొడితే గీత పడుతుంది కానీ బండి ముందుకి జరగదు, తర్వాత కొట్టిన అక్షరం అదే చోట పడుతుంది. యూనికోడ్ దాన్నే తిరగేసింది: ముందు అక్షరం, తర్వాత గీత.

మరి బండి ఎప్పుడు జరగాలి, ఎప్పుడు జరగకూడదు? టెర్మినల్‌కి ఇదే ప్రాణప్రశ్న. ప్రతి అక్షరం ఎన్ని గళ్ళు తీసుకుంటుందో అక్కడ నడుస్తున్న ప్రోగ్రామూ, టెర్మినలూ విడివిడిగా లెక్కవేసుకుంటాయి. రెండు లెక్కలూ కలవకపోతే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట ఉంటాయి. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే మార్కస్ కూన్ ఈ లెక్కకి ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. చాలా టెర్మినళ్ళు దాన్నో, దాని వారసుల్నో నమ్ముకున్నాయి. సూత్రం సులువు. మామూలు అక్షరం ఒక గడి. చైనా, జపాన్ అక్షరాలు రెండు గళ్ళు. నెత్తికెక్కే గుర్తులు సున్నా.

ఈ సూత్రంతో ‘లక్ష్మి’ని కొలుద్దాం. ఐదు కొలతలొస్తాయి.

బడిలో చెప్పిన లెక్కలో లక్ష్మి రెండక్షరాలు. ఛందస్సు లెక్కలో ఒక గురువు, ఒక లఘువు, వెరసి మూడు మాత్రలు. యూనికోడ్ సంకేతాల లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, వెరసి ఏడు. బైట్ల లెక్కలో ఇరవై ఒకటి. టెర్మినల్ లెక్కలో ల, క, ష, మలకి ఒక్కోటి చొప్పున నాలుగు గళ్ళు. పొల్లులకీ గుడికీ సున్నా.

రెండక్షరాల అమ్మాయి నాలుగు గళ్ళలో విడివిడిగా నిలబడుతుంది. క పక్కన ష, ష పక్కన మ, వత్తులు కిందికి దిగకుండా. లేదా, లిపిని కూర్చగలిగిన టెర్మినల్ అయితే రెండక్షరాలూ చక్కగా కూర్చుని, వెనక రెండు గళ్ళు ఖాళీగా మిగిలిపోతాయి. ఎవరో రావలసినవాళ్ళు రానట్టు.

ఇంకో ఉదాహరణ, దీన్ని నేను ఏ వ్యాకరణ పుస్తకంలోనూ చూడలేదు. తెలుగులో కి, కు ఒకే విభక్తి. ఊరికి అన్నా, ఊరుకు అన్నా వెళ్ళేది ఒక్క చోటికే. టెర్మినల్ మాత్రం ఒప్పుకోదు. యూనికోడ్ గుణాల జాబితాలో గుడి ‘చోటు తీసుకోని గుర్తు’, కొమ్ము ‘చోటు తీసుకునే గుర్తు’. ఎందుకంటే గుడి నెత్తిన ఉంటుంది, కొమ్ము పక్కకి సాగుతుంది. కాబట్టి పాత సూత్రం ప్రకారం ‘కి’కి ఒక గడి, ‘కు’కి రెండు. షష్ఠీ విభక్తిని రెండు ముక్కలు చేసిన ఘనత ఈ కిటికీది.

*

ఇప్పుడు ఒక ప్రతివాదన వస్తుంది, వినదగినదే. టెర్మినల్లో తెలుగు ఎవరికి కావాలి? అది ప్రోగ్రామర్ల పనిముట్టు. కవిత్వం చదువుకోడానికి బ్రౌజరుంది, ఫోనుంది.

నా జవాబు ఇది. మనం ఫోన్లో చదివే తెలుగంతా ఎక్కడో ఒక టెర్మినల్ దాటే వస్తుంది. వెబ్‌సైట్ నడిపేవాళ్ళు, స్కాన్ చేసిన పుస్తకాల నుంచి అక్షరాలు రాబట్టేవాళ్ళు, నిఘంటువులు కట్టేవాళ్ళు, భాషా నమూనాలకి తెలుగు పాఠాలు సిద్ధం చేసేవాళ్ళు, అందరూ తాము పనిచేస్తున్న తెలుగుని ముందుగా చూసేది ఆ నల్ల కిటికీలోనే. అక్కడ అది చదవడానికి వీల్లేకుండా ఉంటే చదవడం మానేస్తారు. అంకెలు సరిపోయాయా, వరసలు ఎన్నొచ్చాయి, ఇంతే చూస్తారు. చదవని పాఠంలో తప్పులు ఎలా పట్టుకుంటారు? ఏదో ప్రోగ్రాము పేరుని ఇరవై బైట్ల దగ్గర కోసేస్తే లక్ష్మి చివర గుడి తెగి, విరిగిన ముక్క మిగులుతుంది. ఇంకోటి ఐదు సంకేతాల దగ్గర కోస్తే ‘లక్ష్’ అని గొంతులో ఆగిపోతుంది. ఇంగ్లీషు పేరుని ఎక్కడ కోసినా ఏదో ఒక అక్షరం దగ్గరే తెగుతుంది. మన పేరు అక్షరం మధ్యలో తెగుతుంది.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? ఒక్క తెలుగక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ‘అతకవద్దు’ అనే గుర్తు, చివర దీర్ఘం. జ్ఞానంలో మొదటి అక్షరం. లోకమంతా నవ్వుకుంది, మనమూ నవ్వుకున్నాం. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆ నవ్వు వెనక నాకు కనపడింది వేరే. ఆ అక్షరం దారి తప్పినప్పుడు ఏమవుతుందో తయారీ గదిలో ఎవరి కంటా పడలేదు.

*

బాగుపడుతున్న సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సమీక్ష కాదు, శాపనార్థం అవుతుంది. లినక్స్‌లో ఎమ్ఎల్‌టర్మ్ అనే టెర్మినల్ ఎప్పట్నుంచో భారతీయ లిపుల్ని కూరుస్తోంది. కాన్సోల్ కూడా కూరుస్తుంది. యూనికోడ్ వైపు నుంచి ఇంకా పెద్ద మార్పు వచ్చింది. ‘పాఠకుడు ఒక్క అక్షరం అనుకునేది ఏది’ అని నిర్ణయించే నియమాలు అక్కడ కొన్నున్నాయి. వాటి ప్రకారం మొన్నటిదాకా ‘లక్ష్మి’ అంటే ల, క్, ష్, మి, నాలుగు ముక్కలు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో ఒక కొత్త నియమం చేర్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగులోనూ పొల్లు దగ్గర అక్షరాన్ని విరవకూడదని. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. అంటే, మన బడిలో ఒకటో తరగతి పిల్లకి తెలిసిన లెక్క ఈ ప్రమాణానికి తెలియడానికి 32 ఏళ్ళు పట్టింది.

కొత్త టెర్మినళ్ళు కొన్ని ఈ అక్షరాల లెక్కకి మారుతున్నాయి. ఆ మార్పుకి తొందర పెట్టినవి మన వత్తులు కాకపోవచ్చు, ఎమోజీలే అయివుంటాయని నా అనుమానం. నలుగురున్న కుటుంబం బొమ్మ కూడా లోపల విడివిడి మనుషుల్ని కనపడని దారంతో అతికిన వరసే. మన సంయుక్తాక్షరం చేసే పనే. దాన్ని విడదీసి నలుగురిగా చూపిస్తే ఎబ్బెట్టుగా ఉందని అందరికీ వెంటనే అర్థమైంది. క్ష్మి విడిపోతే ఎబ్బెట్టుగా ఉందని చెప్పడానికి ఆ గదిలో మనవాళ్ళు తగినంత మంది లేరు. సరే, నవ్వు బొమ్మల పుణ్యమా అని వత్తు కిందికి దిగితే నేను కాదనను.

నేను అడిగేది మాత్రం గళ్ళన్నీ బద్దలు కొట్టమని కాదు. ప్రతి లెక్కకీ ఒక పనుంది. నిల్వ చేసేవాడికి బైట్లు కావాలి. ‘లక్ష్మి’లో గుడి తీసి దీర్ఘం పెట్టాలనుకున్నవాడికి బ్యాక్‌స్పేస్ ఒక్క సంకేతాన్నే చెరపాలి, మొత్తం క్ష్మిని మింగకూడదు. అదే మనిషి బాణం మీటతో పక్కకి జరిగితే కర్సర్ పూర్తి అక్షరం దాటాలి, పొల్లుకీ షకీ మధ్య ఇరుక్కోకూడదు. పద్యం కట్టేవాడికి మాత్రలు కావాలి. టెర్మినల్ చేసిన తప్పు లెక్క ఎంచుకోవడం కాదు. ఒక లిపికి కుదిరిన లెక్కని అక్షరానికే నిర్వచనం చేసి, కుదరనివాళ్ళని ‘సంక్లిష్ట లిపులు’ అంది. సాంకేతిక పత్రాల్లో మన లిపికి ఇప్పటికీ ఆ పేరే. తాటాకు మీద గంటంతో గుండ్రంగా సాగినప్పుడు ఈ లిపి ఎవరికీ సంక్లిష్టం కాలేదు. చతురస్రంలో కూర్చోమన్నాకే అయింది.

మీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. రాసే ప్రోగ్రామ్‌లో పేరు పొడవు కొలిచే వరసొకటి ఎక్కడో ఉంటుంది. అక్కడ ఆగి, ఏది లెక్కపెడుతున్నామో ఒకసారి చూసుకోండి: బైట్లా, సంకేతాలా, గళ్ళా, అక్షరాలా? పరీక్షకి ఎప్పుడూ పెట్టే ఆ ఇంగ్లీషు పేరు బదులు ‘లక్ష్మి’ అని పెట్టండి. రెండు అని జవాబొస్తే, ఆ ప్రోగ్రాముకి చదవడం వచ్చినట్టే.